చేను శుభ్రం చేసే యంత్రాలు – ప్రాణం కాపాడుకునే జాగ్రత్తలు

తొలకరి వాన పడితే పలమనేరు చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ ఒకే తొందర. బీడు పడిన చేలో కంప కొట్టాలి, గట్ల మీద గడ్డి తీయాలి, రోటవేటరు తోలించాలి, టమాటా నారు నాటాలి, మల్బరీ తోట బాగు చేసుకోవాలి. ఒకప్పుడు పది మంది కూలీలు కొడవళ్లు, గొడ్డళ్లు పట్టుకుని వారం రోజులు చేసిన పని, ఇప్పుడు ఒక ట్రాక్టరు, ఒక కంప కోసే మిషను ఉంటే ఒక పూటలో అయిపోతోంది. ఇది రైతుకు మేలే. అయితే కొడవలి వేలిని మాత్రమే కోస్తుంది. యంత్రం చేతినే లాక్కుంటుంది. ఈ తేడా తెలియకనే చాలామంది ఆసుపత్రికి వస్తున్నారు.

ఇటువంటి ప్రమాదాలలో చాలా వాటిని ముందే ఆపవచ్చు. అందుకు పెద్ద చదువు అక్కరలేదు. యంత్రం ఎలా పని చేస్తుందో కొంచెం తెలుసుకుని, కొన్ని అలవాట్లు చేసుకుంటే చాలు. ఇంట్లో చదువురాని పెద్దవారు ఉంటే ఈ వ్యాసాన్ని వారికి చదివి వినిపించండి.

వెనుక తగిలించి లాగేటప్పుడు

ట్రాక్టరు పని అంతా దాని వెనుకే ఉంటుంది. ప్రమాదం కూడా ఎక్కువగా అక్కడి నుండే వస్తుంది.

ట్రాలీని తగిలించేటప్పుడు ఒకరు ట్రాక్టరును వెనక్కు తీసుకువస్తుంటే, ఇంకొకరు మధ్యలో నిలబడి పిన్ను పెట్టడానికి సిద్ధంగా ఉంటారు. క్లచ్ మీద కాలు కొంచెం జారితే మధ్యలో ఉన్న మనిషి నలిగిపోతాడు. కనుక ట్రాక్టరు పూర్తిగా ఆగి, హ్యాండ్ బ్రేకు వేసిన తరువాతనే మధ్యలోకి వెళ్లాలి. పిన్ను సరైన లావుది ఉండాలి. అది ఎగిరిపోకుండా కింద క్లిప్పు పెట్టాలి. పిన్నుకు బదులు ఇనుప కడ్డీ ముక్క దూర్చడం, కంబీతో కట్టడం చేయరాదు. దానికి తోడు ట్రాలీకీ ట్రాక్టరుకూ మధ్య ఒక గట్టి గొలుసు కూడా కట్టుకోండి. పిన్ను విరిగినా గొలుసు పట్టుకుంటుంది.

సర్కారు తుమ్మ మొద్దులను, పెద్ద వేర్లను గొలుసు కట్టి ట్రాక్టరుతో పీకడం మన వైపు మామూలు. ఇది చాలా ప్రమాదమైన పని. ఎందుకో చూడండి. వేరు కదలదు. వెనుక చక్రాలు నేలలో పట్టు దొరికి తిరగవు. అప్పుడు ఇంజను బలం ఎక్కడికి పోతుంది? చక్రం తిరగలేకపోతే ట్రాక్టరే చక్రం చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు పైకి లేచి, బండి వెనక్కు పడి, డ్రైవరు దాని కింద ఉంటాడు. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతుంది. దూకడానికి సమయం ఉండదు.

గొలుసును ఎంత పైన కడితే బండి అంత సులభంగా లేస్తుంది. కాబట్టి పై లింకుకు గానీ, సీటు కింద ఇరుసుకు గానీ ఎప్పుడూ కట్టకూడదు. కింద ఉండే డ్రాబారుకు మాత్రమే కట్టాలి. చిన్న గేరులో, క్లచ్ నెమ్మదిగా వదలాలి. గొలుసు తెగితే కొరడాలాగా వచ్చి కొడుతుంది. అందుచేత గొలుసు పొడవుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండరాదు. మొద్దు పెద్దదైతే చుట్టూ తవ్వి వేర్లు నరికించండి, లేదా జేసీబీని పిలిపించండి. బాడుగ కొంచెం ఎక్కువైనా ప్రాణం కంటే ఎక్కువ కాదు.

రోటవేటరును పైకి ఎత్తి రోడ్డు మీద తీసుకువెళ్లేటప్పుడు బరువంతా వెనుక పడి ముందు చక్రాలు తేలిక అవుతాయి. స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. అందుకే ముందు వైపు బరువులు తగిలించుకుని నిదానంగా వెళ్లాలి. బండి దిగే ముందు రోటవేటరును నేలకు దించాలి. హైడ్రాలిక్ మీద ఎత్తి ఉంచిన పరికరం కింద దూరి పళ్లు బిగించడం, గడ్డి తీయడం చేయకండి. పైపు పగిలినా, లీవరుకు చెయ్యి తగిలినా అది ఒక్కసారిగా కిందికి పడుతుంది. కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టిన తరువాతనే పని చేయాలి.

రోడ్డు మీద, ఘాటు మీద

పలమనేరు రెండు పెద్ద రోడ్లు కలిసే చోట ఉంది. చిత్తూరు నుండి బెంగళూరు పోయే దారి ఒకటి, మదనపల్లె నుండి కుప్పం పోయే దారి ఒకటి. ఈ దారుల మీద లారీలు, బస్సులు రాత్రీ పగలూ తిరుగుతాయి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు వస్తుంది. దీపం లేని ట్రాలీని డ్రైవరు 40 మీటర్ల దూరంలో చూశాడనుకోండి. బ్రేకు మీద కాలు వేసి బండిని ఆపడానికి అతనికి రెండు సెకన్లు కూడా మిగలవు.

అందుకే ట్రాలీ వెనుక ఎర్రని మెరిసే స్టిక్కర్లు అంటించండి. పక్కలకు కూడా పసుపు స్టిక్కర్లు ఉండాలి. వీటికయ్యే ఖర్చు ఒక పూట డీజిలు ఖర్చు కూడా కాదు. బురద పడితే తుడవండి. చీకటి పడిన తరువాత చెడిపోయిన ట్రాలీని రోడ్డు మీద వదిలి, రాళ్లు పెట్టి ఇంటికి వెళ్లడం మహా పాపం. ఆ రాళ్లను మరునాడు తీయకుండా వదిలితే ఇంకొక ప్రమాదం. రోటవేటరు పక్కలకు పొడుచుకుని ఉంటుంది కనుక దానికి కూడా ఎర్ర గుడ్డ, రాత్రి అయితే మెరిసే స్టిక్కరు తప్పనిసరి.

ట్రాక్టరుకు కుడి ఎడమలకు రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. చేలో మలుపు తిరగడానికి ఒక వైపు బ్రేకు మాత్రమే వాడతారు. రోడ్డు ఎక్కే ముందు ఆ రెండింటినీ కలిపి లాకు వేయాలి. వేయకపోతే వేగంలో ఒక పెడలు నొక్కగానే బండి గిర్రున తిరిగి పడిపోతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టరు ఆగినా వెనుక ఉన్న బరువు ఆగదు, ముందుకు తోస్తుంది. మొగిలి ఘాటు వంటి పల్లపు దారిలో డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపేవారు ఉన్నారు. ఒకసారి వేగం అందుకున్న తరువాత మళ్లీ గేరు పడదు, బ్రేకు చాలదు. ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగాలి. ఇది పాత డ్రైవర్లు చెప్పే మాట, నిజమైన మాట.

ట్రాలీ మనుషుల కోసం కాదు

మన జిల్లాలోనే 2022 డిసెంబరులో పూతలపట్టు మండలంలో పెళ్లి బృందంతో వెళుతున్న ట్రాక్టరు బోల్తా పడింది. ఆరుగురు చనిపోయారు. పెద్ద సంఖ్యలో గాయపడ్డారు. పెళ్లికి బయలుదేరిన కుటుంబాలు ఆసుపత్రి వరండాలలో కూర్చున్నాయి. అటువంటి ప్రయాణాలు మన పల్లెల్లో ఈ రోజుకు కూడా ఆగలేదు.

పొద్దున కూలికి పోయే ఆడవారు ట్రాలీలో కొడవళ్లు, పారలు, కంప కోసే మిషను, డీజిలు డబ్బా పక్కనే కూర్చుంటారు. బండి బోల్తా పడితే మనిషి కంటే ముందు ఆ పనిముట్లు ఎగురుతాయి. మనుషులను తప్పనిసరిగా ఆటోలో గానీ బస్సులో గానీ పంపించండి. వ్యవసాయ ట్రాక్టరుకు చేసిన బీమా వ్యవసాయ పనికోసం చేసినది. ట్రాలీలో జనాన్ని ఎక్కించి ప్రమాదం జరిగితే పరిహారం కోసం కుటుంబం కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. ముఖ్యంగా పిల్లలను. తాత ట్రాక్టరు తోలుతుంటే మనవడు పక్కన కూర్చోవడం చూడటానికి ముద్దుగా ఉంటుంది. గతుకు వస్తే బాబు పడేది వెనుక చక్రం ముందే. 18 ఏళ్లు నిండనివారికి ట్రాక్టరు ఇవ్వకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.

తిరిగే షాఫ్టు: ఒక సెకను లెక్క

ట్రాక్టరు నుండి రోటవేటరుకు బలాన్ని ఇచ్చేది పి.టి.ఓ. షాఫ్టు. అది సాధారణంగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. షాఫ్టు మన మణికట్టు అంత లావు ఉందనుకున్నా, ఒక చుట్టుకు సుమారు 17 సెంటీమీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది. ఒక సెకనులో మీటరున్నర. భుజం మీద తువ్వాలు, జారిన లుంగీ అంచు, చీర చెంగు, చున్నీ, విడిచిన జడ ఇవన్నీ మీటరు లోపే వేలాడుతుంటాయి. ‘అయ్యో’ అనేలోపే గుడ్డ అయిపోయి చెయ్యి, మెడ దానిలోకి వెళతాయి. వెనక్కు లాక్కునే బలం ఏ మనిషికీ లేదు.

కనుక ఈ నాలుగు మాటలు మరచిపోవద్దు.

1. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. విరిగితే కొత్తది వేయించాలి. తొడుగు లేని రోటవేటరును బాడుగకు పిలవకండి.

2. తిరుగుతున్న షాఫ్టును దాటకూడదు. చుట్టూ తిరిగి వెళ్లండి.

3. బిగుతైన ప్యాంటు, చొక్కా వేసుకోండి. తువ్వాలు తలకు గట్టిగా చుట్టుకోండి. ఆడవారు చెంగు నడుముకు దోపుకుని, జడ ముడి వేసుకుని, మిషనుకు దూరంగా ఉండండి.

4. రోటవేటరు పళ్లలో కంప, తీగ, ప్లాస్టిక్ కవరు ఇరుక్కుంటే పి.టి.ఓ. ఆపి, ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, పళ్లు పూర్తిగా నిలిచిన తరువాతనే దగ్గరకు వెళ్లండి. పి.టి.ఓ. ఆపిన తరువాత కూడా పళ్లు కాసేపు తిరుగుతాయి.

ఈ నాలుగో మాట అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎందుకు పాటించరు? కారణం గంట లెక్క. రోటవేటరు బాడుగ గంటకు ఇంత అని ఉంటుంది. ఇంజను ఆపితే రైతు ‘టైము పోతోంది’ అంటాడు. ఆపకపోతే డ్రైవరు వేళ్లు పోతాయి. దీనికి ఒక దారి ఉంది. పని మొదలు పెట్టేముందే ‘కంప తీయడానికి ఆపిన సమయం లెక్కలోకి రాదు’ అని ఇద్దరూ మాట అనుకోండి. లేదా ఎకరాకు ఇంత అని మాట్లాడుకోండి. ఆ ఒక్క మాట వలన డ్రైవరుకు తొందర ఉండదు. ఒక పొలంలో పది సార్లు ఆపినా పోయేది కొద్ది నిమిషాలు. పోయిన చెయ్యి జీవితాంతం పోయినట్లే.

డీజిలు లేదా హైడ్రాలిక్ పైపు కారుతోందేమోనని వేలితో తడిమి చూడకండి. సూది రంధ్రం నుండి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట చిన్న చుక్కలాగా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. కొన్ని గంటలకు వేలు వాచి నల్లబడుతుంది. ఇలా జరిగితే వెంటనే ఆపరేషను చేయగల ఆసుపత్రికి వెళ్లాలి. కారడం చూడాలంటే అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి.

భుజాన వేసుకునే కంప కోసే మిషను

ఇప్పుడు చాలామంది దీనిని కొంటున్నారు. గడ్డికి నైలాను తీగ, కంపకు ఇనుప చక్రం వాడతారు. చక్రం రాయికి తగిలితే ఆ రాయి ముక్క తుపాకి గుండులాగా ఎగురుతుంది. మన నేలలో రాళ్లకు కొదవ లేదు. కనుక పని మొదలు పెట్టేముందు చోటంతా నడిచి రాళ్లు, సీసా పెంకులు, ఇనుప తీగలు తీసివేయండి. 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదు. ఎవరైనా మాట్లాడాలంటే వెనుక నుండి వచ్చి భుజం తట్టకూడదు. ముందు వైపు దూరం నుండి చెయ్యి ఊపాలి. ఇంజను ఆపాకనే దగ్గరకు రావాలి.

లావు మొదలుకు చక్రం ఎదురు తగిలితే మిషను ఒక్కసారిగా పక్కకు తన్నుతుంది. అందుకే పట్టీ భుజానికి సరిగా బిగించుకోవాలి, రెండు చేతులతో పట్టుకోవాలి. కంటికి అద్దాలు, ముఖానికి జాలీ, కాలికి బూట్లు, మోకాలి కింద గట్టి గుడ్డ ఉండాలి. చలువ అద్దాలు చాలవు, అవి పగిలితే ఆ ముక్కలే కంట్లో గుచ్చుకుంటాయి. చెవిలో దూది బదులు చెవికప్పులు పెట్టుకోండి. రోజూ గంటల కొద్దీ ఆ చప్పుడు వింటే చెవుడు వస్తుంది. అది నెమ్మదిగా వస్తుంది కాబట్టి వచ్చేవరకు తెలియదు. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడుతుంటే మిషను అదురు వలన రక్తం సరిగా అందడం లేదని అర్థం. అరగంటకు ఒకసారి ఆపి, చేతులు రుద్దుకుని, నీరు తాగండి.

వేడి ఇంజనులో పెట్రోలు పోయకండి. పది నిమిషాలు చల్లారనివ్వండి. దగ్గరలో బీడీ వెలిగించరాదు.

పొదలో ఏముందో చూడండి

కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. దాని అంచున ఉన్న పల్లెల్లో ఏనుగులు చేలకు వస్తాయని అందరికీ తెలుసు. చెవిలో మిషను చప్పుడు ఉంటే ఏనుగు వచ్చినా వినిపించదు. కాబట్టి అడవి అంచున తెల్లవారక ముందు, సాయంత్రం పొద్దు వాలిన తరువాత కంప పని పెట్టుకోకండి. ఒంటరిగా వెళ్లకండి. ఒకరు పని చేస్తుంటే ఒకరు దూరంగా నిలబడి కాపలా చూడాలి.

పొదల్లో నాగుపాము, రక్తపింజరి ఉండవచ్చు. ముందు పొడవాటి కర్రతో తట్టండి. కోసిన కంపను చేతితో పోగు చేయకండి. పాము కరిస్తే మంత్రం, నాటు వైద్యం అంటూ తిరగకండి, కోయకండి, గట్టిగా కట్టకండి. కరిచిన చేతిని లేదా కాలిని కదలకుండా ఉంచి, విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

వయ్యారిభామ, అంటే కాంగ్రెసు గడ్డిని మిషనుతో కోస్తే దాని పొడి గాలిలో లేస్తుంది. దురద, పుండ్లు, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం వస్తాయి. ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా వేసుకోండి. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని పీకివేయడం మంచిది.

ప్రమాదం జరిగితే ఏమి చేయాలి?

మొదట ఇంజను ఆపండి. ఆపకుండా మనిషిని లాగడానికి వెళితే రెండో మనిషి కూడా చిక్కుకుంటాడు. తరువాత 108కి ఫోను చేయండి. ఈ సేవ మన రాష్ట్రంలో 2005లో మొదలైంది. జాతీయ రహదారి మీద అయితే 1033కి కూడా చేయవచ్చు. ఊరి పేరు, చేను ఏ గుర్తు దగ్గర ఉందో చెప్పి, ఒకరిని రోడ్డు దగ్గర నిలబెట్టండి.

రక్తం కారుతుంటే: శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. మధ్యలో ఎత్తి చూడకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకొకటి వేయండి. పసుపు, కాఫీ పొడి, కిరోసిను, ఆకు పసరు పెట్టకండి. చెయ్యి లేదా కాలు తెగి రక్తం ధారగా పోతూ, అదిమినా ఆగకపోతే మాత్రమే గాయానికి నాలుగు వేళ్లు పైన వెడల్పాటి గుడ్డ కట్టి, కర్రతో మెలిపెట్టి బిగించండి. కట్టిన సమయం కాగితం మీద రాయండి. దానిని మీరు విప్పకండి.

వేలు తెగిపడితే: దానిని వెతికి, మంచి నీటితో మట్టి పోయేలా కడగండి. తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టండి. ఆ కవరును ఐసు ముక్కలు, నీరు ఉన్న ఇంకొక కవరులో పెట్టండి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు, తగిలితే మాంసం చెడిపోతుంది. ఎంత త్వరగా తెస్తే అతికించే అవకాశం అంత ఎక్కువ.

కంటిలో ముక్క గుచ్చుకుంటే: పీకకండి, నలపకండి, నీళ్లు కొట్టకండి. కాగితపు గ్లాసు బోర్లించి పైన కట్టు కట్టి తీసుకురండి.

ట్రాక్టరు కింద పడితే: మెడ, నడుము విరిగి ఉండవచ్చు. చేతులు, కాళ్లు పట్టుకుని లాగకండి. బండిని జేసీబీతో నిదానంగా ఎత్తించి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి పలక మీదికి తీయండి. డీజిలు కారుతుంటుంది కనుక నిప్పు దగ్గరకు రానీయకండి. బరువు కింద చాలాసేపు నలిగిన మనిషి పైకి బాగానే మాట్లాడినా, నలిగిన కండ విషం మూత్రపిండాలకు పోవచ్చు. ఎంతసేపు కింద ఉన్నాడో డాక్టరుకు తప్పక చెప్పండి.

ఒంటికి నిప్పు అంటుకుంటే: మంట ఆర్పి, 20 నిమిషాలు మామూలు చల్లని నీరు పోయండి. ఐసు, సిరా, పేస్టు వద్దు.

మట్టి, పేడ తగిలిన ప్రతి గాయానికి ధనుర్వాతం భయం ఉంటుంది. చివరి టీకా వేయించుకుని 5 సంవత్సరాలు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

‘పోలీసు కేసు అవుతుందేమో’ అని సాయం చేయకుండా పోకండి. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడిన వారి మీద కేసు పెట్టకూడదని 2019 చట్ట సవరణ చెబుతోంది. 2025 మే నుండి రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో 7 రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేసే పథకం వచ్చింది. రోడ్డు మీద జరిగిన మోటారు వాహన ప్రమాదాలకే అది వర్తిస్తుంది. చేలో జరిగిన ప్రమాదమైతే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పిలుస్తున్న పథకం వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో అడగండి.

నడుము పడిపోయినంత మాత్రాన

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయిన యువకులను ఇంటివారు మంచం మీద వదిలేస్తుంటారు. అలా చేయకండి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో జరిగిన వాహన ప్రమాదంలో నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో వేలూరు దగ్గర బాగాయంలో అందుకోసం ప్రత్యేక సంస్థ మొదలైంది. ఒత్తిడి పుండ్లు పడకుండా రెండు గంటలకు ఒకసారి పక్క మార్చడం, మూత్రం సరిగా వెళ్లేలా చూడటం, కుర్చీలో కూర్చుని పని నేర్చుకోవడం వంటివి అటువంటి చోట రోగికి, ఇంటివారికి కూడా నేర్పిస్తారు. పలమనేరు నుండి వేలూరు దూరం కాదు.

గుర్తుంచుకోండి

• రోడ్డు ఎక్కే ముందు: పిన్ను, గొలుసు, బ్రేకు లాకు, దీపాలు, మెరిసే స్టిక్కర్లు.
• గొలుసు ఎప్పుడూ కింది డ్రాబారుకే.
• ట్రాలీలో సామాను మాత్రమే. మడ్‌గార్డు మీద ఎవరూ వద్దు.
• ఇంజను ఆపనిదే చెయ్యి పెట్టవద్దు.
• తాగి, నిద్ర లేకుండా, జ్వరంతో యంత్రం ముట్టవద్దు.
• 108, 1033 నంబర్లు ట్రాక్టరు మడ్‌గార్డు మీద రంగుతో రాయించండి.

ఈ పేజీని చింపి ట్రాక్టరు షెడ్డులో గోడకు అంటించుకోండి. మీ ఊరి డ్రైవర్లకు, బాడుగకు వచ్చే కుర్రవాళ్లకు చూపించండి. పంట ఈ కారు పోతే వచ్చే కారుకు వస్తుంది. పోయిన మనిషి తిరిగి రాడు.